నాపలగూడెం అల్లుళ్ళ నడుములు

యాభై అయిదేళ్ళు నిండాయని సర్కారు నన్ను ఇంటికి పంపించి ఏడాది కూడా కాలేదు. నా పళ్ళన్నీ ఉన్నాయి, జుట్టు సగమైనా ఉంది, నోరు పూర్తిగా ఉంది. అయినా వీధిలో వాళ్ళు అప్పుడే నన్ను ‘పెద్దాయన’ అనేస్తున్నారు. పల్నాడు ఆసుపత్రుల్లో కొత్తగా చేరబోయే కుర్ర డాక్టర్లు నరసరావుపేటలో మా ఇంటికి వచ్చి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, "మీ అనుభవంతో ఏమైనా చెప్పండి సార్" అంటారు. మొహమాటానికి అడుగుతారని నాకు తెలుసు. అయినా నేను మొహమాటం లేకుండా పూటంతా చెబుతాను. రెండోసారి వచ్చినవాడు ఇంతవరకూ లేడు. అందుకే రాస్తున్నాను. కాగితం లేచి పారిపోదు.

నాకు ప్రమోషను ఎప్పుడొచ్చిందో, ఎన్నిచోట్లకు బదిలీ అయ్యానో రాయను. అవి రాస్తే మీకు నిద్ర వస్తుంది, నాకు కోపం వస్తుంది. ఒక్క జబ్బు గురించి రాస్తాను. ముసలివాళ్ళకు రావలసిన నడుము జబ్బు పాతికేళ్ళ కుర్రాళ్ళకు ఎందుకొచ్చిందో పట్టుకోవడానికి నేను పడ్డ పాట్లు రాస్తాను.

ముందే ఒక మాట. నేను కొంచెం పెంచి చెబుతానని మా ఆవిడ అంటుంది. అది అన్యాయం. నేను చాలా పెంచి చెబుతాను. అయితే రోగం దగ్గరకు వచ్చేసరికి గోరంత కూడా పెంచను. ఎండ, బస్సు, పై అధికారి, ఈ మూడింటి సంగతిలో మాత్రం నాకు అడ్డు రావద్దు.

రేకుల కప్పు కింద

పదేళ్ళ కిందట నేను నడికుడికి కూతవేటు దూరంలో ఉన్న చిన్న ఆసుపత్రిలో డాక్టర్ని. రెండు గదులు, పైన రేకులు. వేసవిలో ఆ రేకుల మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. కింద కూర్చున్న నేను అప్పడం కన్నా ముందే కాలేవాణ్ణి. థర్మామీటరు బల్ల మీద పెడితే దానికే జ్వరం వచ్చేది. దాన్ని మంచినీళ్ళ కుండలో దాచి, రోగి వచ్చినప్పుడు తీసేవాళ్ళం. గురజాల నుంచి వచ్చే బస్సు దిగినవాడు ఏ రోగంతో బయల్దేరాడో మర్చిపోయి, బస్సు వల్ల వచ్చిన రోగానికి మందు అడిగేవాడు. మా కాంపౌండరు దగ్గర రెండే మందులు ఉండేవి, ఒక ఎర్రది, ఒక తెల్లది. రోగం ముదిరితే రెండూ కలిపి ఇచ్చేవాడు.

చుట్టూ నాపరాయి గనులు. నేల ఒక జానెడు గీకితే చాలు, కింద బండలు పొరలు పొరలుగా పరిచి ఉంటాయి. దేవుడు ఆ పక్క నేల చదును చేసే పని మేస్త్రీకి అప్పగించి వెళ్ళినట్టుంటుంది. గుంటల్లో దిగి గునపాలతో రాయి లేపి, ఎడ్లబళ్ళ మీద నడికుడి స్టేషనుకు చేర్చి, వ్యాగన్లకు ఎక్కించడం అక్కడివాళ్ళ బతుకు. ఆ పనిచేసే ఊళ్ళలో ఒకటి నాపలగూడెం. దాని అసలు పేరు అది కాదు. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, నడుములు బాగున్నాయి, నన్ను వెతుక్కుంటూ రాగలరు.

నేను చేరిన కొత్తల్లోనే ఒక వింత గమనించాను. ముసలివాళ్ళ నడుం నొప్పి అన్ని ఊళ్ళ నుంచీ వచ్చేది. కానీ నడుము పట్టేసి, ఒక కాల్లోకి నిప్పు దిగినట్టు నొప్పి దిగి, వంకరగా నడుచుకుంటూ వచ్చే కుర్రాళ్ళు మాత్రం నాపలగూడెం నుంచే వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకణ్ణి గుంటూరు పంపి ఎక్స్‌రే తీయించాను. వెన్నుపూసకూ వెన్నుపూసకూ మధ్య ఒక మెత్తటి బిళ్ళ ఉంటుంది, డిస్కు అంటాం. నడుము అడుగున ఆ బిళ్ళ ఉండాల్సిన సందు ఆ కుర్రాడి ప్లేటులో సగానికి సగం కుంచించుకుపోయి ఉంది. వయసు పాతికేళ్ళు, వెన్ను అరవై ఏళ్ళది.

పెద్ద డాక్టరు గారు

తనిఖీకి పెద్ద డాక్టరు గారు వచ్చారు. ముందు ఆయన మీసాలు లోపలికి వచ్చాయి, తర్వాత ఆయన వచ్చారు. ప్లేటు చూపించాను. కిటికీకి ఎత్తి పట్టుకుని చూసి, "ఎవడో ముసలాడిది తెచ్చి కుర్రాడి చేతిలో పెట్టుంటారయ్యా" అన్నారు.

"కాదండీ. ఇలాంటివాళ్ళు ఒక్క ఊరి నుంచే ఇంకా వస్తున్నారు."

"పాతికేళ్ళవాడికి నడుమేమిటి? ఇది పని ఎగ్గొట్టే జబ్బు. నాలుగు రోజులు బాగా చేదుగా ఉండే మందు పొయ్యి. అయిదో రోజు వాడే లేచి పరిగెత్తుతాడు."

కుర్ర డాక్టర్లకు ఒక మాట. పై అధికారి పొరపాటు పడ్డాడు కదా అని ఆయన దగ్గర నేర్చుకున్నది పారేసుకోకండి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు మెల్లగా పైకెత్తి చూసే పద్ధతి నాకు చేతులు పట్టి నేర్పింది ఈయనే. అబద్ధం చెప్పేవాడు కాలు ఎత్తకముందే అరుస్తాడు. నిజంగా నొప్పి ఉన్నవాడు ఒకచోట దాకా ఊరుకుని, ఆ చోటు రాగానే పళ్ళు బిగిస్తాడు. మాటల్లో పడేసి మళ్ళీ ఎత్తినా సరిగ్గా అదే చోట ఆగిపోతాడు. ఇంత చక్కటి పరీక్ష నేర్పిన మనిషి ఆ రోజు కుర్చీలోంచి లేచి ఒక్క కాలైనా ఎత్తి చూడలేదు. బిరియానీ వేళయింది.

రూతమ్మ అడిగిన సాయం

ముంజెల కాలం మొదలైన రోజుల్లో ఒక పొద్దున, ఇరవై ఏళ్ళ పిల్ల చెప్పులు లేకుండా నాపలగూడెం నుంచి నడిచి వచ్చింది. పేరు రూతమ్మ. గని మేస్త్రీ దావీదు కూతురు.

"అయ్యా, మా ఆయనకి రోగం ఉందని చెప్పాల మీరు."

"ముందు మీ ఆయన్ని చూడాలి కదమ్మా."

"చూశాకైనా అదే చెప్పండి. రోగం లేదంటే మా నాన్న ఆయన్ని వాళ్ళ ఊరు నకరికల్లు బస్సెక్కిస్తాడు. ఆదివారం గుడి అయినాక పెద్దమనుషులు కూచుంటన్నారు. పోయినేడు ఇట్టాగే ఒకణ్ణి పంపించేశారు. ఆ పిల్ల ఇప్పుడు పుట్టింట్లోనే ఉంది, మొగుడు ఉన్నాడో లేడో తెలవకుండా."

"నువ్వు ఆయనతో వెళ్ళిపోకూడదూ?"

"యాడికి పోయేది? వాళ్ళది ఒంటిల్లు, అన్నా వదినా నలుగురు పిల్లలు. ఇల్లరికం వచ్చినోడు నడుం పడిపోయి తిరిగొస్తే వాకిట్లోకి కూడా రానియ్యరు."

సైకిలెక్కాను. ఆ సైకిలుకు బ్రేకులు ఉండవు, కానీ ఆ దారిలో ఉన్న రాళ్ళకు బ్రేకులతో పని లేదు. దావీదు ఇంట్లో రూతమ్మ మొగుడు యోహాను నులక మంచంలో పడి ఉన్నాడు. ఎత్తు మనిషి, మంచం చాలక పాదాలు బయటకు వచ్చాయి. నడుం దగ్గర మంచం తొట్టిలా గుంటపడి ఉంది. అలాంటి మంచంలో పడుకుంటే గుర్రానికైనా నడుము విరుగుతుంది.

గుమ్మంలో అత్తగారు శాంతమ్మ చేటలో కందులు చెరుగుతోంది. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఆ ఊళ్ళో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడితే తప్పు. అందుకని కూతురితో మాట్లాడుతుంది, పక్క వీధికి కూడా వినపడేటట్టు.

"ఏమే రూతూ, వారు ఇయ్యాల కూడా మంచం దిగరంటనా? పొయ్యి కాడికి తెచ్చి అన్నం పెట్టమంటారా, లేకపోతే నమిలి కూడా పెట్టమంటారా?"

యోహాను కళ్ళు మూసుకున్నాడు. కాలు ఎత్తి చూశాను. ఒకచోట ఆగిపోయింది. వాళ్ళ నకరికల్లు పక్క పొలాల్లో మిరప ఎలా పండిందని అడుగుతూ మళ్ళీ ఎత్తాను. మిరప సంగతి చెబుతూ చెబుతూ అదే చోట ఊపిరి బిగబట్టాడు. బొటనవేలికి స్పర్శ తగ్గింది. ఇంక నాకు అనుమానం లేదు.

"రోగమే" అన్నాను.

శాంతమ్మ చేట ఆపింది. "ఎందుకొచ్చింది?"

అక్కడ దొరికిపోయాను. చెప్పాల్సిన మాట అదొక్కటే, నా దగ్గర లేనిదీ అదొక్కటే. అయినా డాక్టరు అన్నవాడు తెలియదని అనడం అప్పటికి నాకు ఇంకా అలవాటు కాలేదు. గంభీరంగా, "మీ బావి నీళ్ళ వల్ల. పల్నాడు నీళ్ళు పళ్ళనే పచ్చబరుస్తాయి, ఎముకల్ని ఊరుకుంటాయా?" అన్నాను.

శాంతమ్మ లేచింది. వాకిట్లో ఉన్న రుబ్బురోలు పొత్రాన్ని రెండు చేతులా ఎత్తి చంకన పెట్టుకుని, పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు నా ముందు నిలబడింది. "నీళ్ళంట నీళ్ళు! పుట్టిన కాణ్ణుంచీ ఆ నీళ్ళే తాగుతన్నా. నా నడుం చూడండి. మా ఊరి పిల్లకాయలు ఒక్కడన్నా మీ గడప తొక్కాడా? వచ్చేదంతా ఈ వచ్చినోళ్ళే గందా!"

పొత్రం దింపింది. నేను నీళ్ళ సిద్ధాంతాన్ని దింపాను.

ఆవిడ వెటకారానికే అంది. కానీ ఆ మాట నా చెవిలో నుంచి పోలేదు. నా దగ్గరకు వచ్చిన కుర్రాళ్ళ ముఖాలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. ఒకడిది వినుకొండ పక్క, ఒకడిది కృష్ణ అవతలి ఒడ్డు, ఒకడు మాచర్ల వాడు. ఇద్దరు హిందువులు, మిగతావాళ్ళు క్రైస్తవులు. కులం వేరు, తిండి వేరు, తాగి పెరిగిన నీళ్ళు వేరు. అందరికీ కలిసింది ఒక్కటే. అందరూ నాపలగూడెం ఇల్లరికపు అల్లుళ్ళు. గనికి ఎన్ని చేతులున్నా చాలవు కాబట్టి, ఆ ఊళ్ళో కొడుకులున్న ఇళ్ళవాళ్ళు కూడా అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుంటారు. ఆ ఊళ్ళో పుట్టిన మగవాడు ఒక్కడు లేడు. వైద్య కళాశాలలో ఇన్ని జబ్బులు చదివాను కానీ, పెళ్ళి వల్ల వెన్ను అరిగే జబ్బు ఏ పాఠంలోనూ లేదు.

బండి మీద

మర్నాడు తెల్లవారుతూనే గనికి వెళ్ళాను. అక్కడ చూసింది మొదట నన్ను ఇంకా అయోమయంలో పడేసింది. ఊరి కుర్రాళ్ళందరూ గుంటలో దిగి, గునపాలు దూర్చి, గొంతుక్కూర్చుని, మనిషంత రాళ్ళను లేపి వీపుల మీద మోసుకొస్తున్నారు. వాళ్ళలో అందరికన్నా బలిసినవాడు దావీదు కొడుకు పేతురు. వాడి వీపు మీద కచేరీ పెట్టుకోవచ్చు. ఇంత చాకిరీ చేసేవాళ్ళు చువ్వల్లా ఉన్నారు. మరి అల్లుళ్ళు ఎక్కడ?

అల్లుళ్ళు వేపచెట్ల నీడన ఉన్నారు. చెట్టు చెట్టు కిందా ఒక బండి, బండి బండి మీదా ఒక అల్లుడు. కిందివాళ్ళు రాయి తెచ్చి అంచు అందిస్తే, పైనున్న అల్లుడు అందుకుని బండిలో నిలువుగా పేరుస్తాడు. అంతే పని.

"అల్లుళ్ళకు తేలిక పని ఇచ్చారే" అన్నాను దావీదుతో.

దావీదు నొచ్చుకున్నాడు. "అయ్యో, అల్లుణ్ణి గుంటలోకి దించుతామా డాకటరు గారూ? ఆ పిల్లోడు మనల్ని నమ్ముకొని ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినోడు. పైన, నీడన నిలబెడతాం. అది అల్లుడి చోటు. కిందోళ్ళు రాయి ఆయన చేతికి అందియ్యాల, ఆయన దిగి తీసుకోకూడదు. అయినా మా అల్లుడు మంచాన పడ్డాడంటే సోమరితనం కాక ఏందీ?"

ఆ తేలిక పని చేసి చూద్దామని బండెక్కాను. ప్యాంటు మడిచాను. పేతురు నాకు రాయి అందిస్తూ పళ్ళికిలించాడు. మొదటి రాళ్ళు ఆడుతూ పాడుతూ పేర్చాను. రాళ్ళు పడుకోబెడితే బండి కుదుపుకు పగులుతాయి, నిలబెడితే పగలవు. అందుకని వాటిని ఒకదానికొకటి ఆనించి నిలువుగా పెట్టాలి. అలా పేర్చుకుంటూ పోయేకొద్దీ నిలబడే జాగా తగ్గిపోయింది. ఇటు రాళ్ళు, అటు బండి గుంజలు, మధ్యలో నేను. వెనక్కి ఒంగి రాయి అందుకుని, దాన్ని అలా పట్టుకునే ముందుకు తిరిగి, మళ్ళీ ఒంగి పెట్టాలి. ఎండ కాస్త పైకొచ్చేసరికి నా వెన్నులో ఎవరో చేద తాడు పేనుతున్నట్టుంది.

"ఏంది డాకటరు గారూ, అల్లుడి పనికే ఆయాసమా? గుంటలోకి దిగితే ఏమైపోతారో!" అన్నాడు పేతురు.

వాడికి జవాబు చెప్పడానికి తిరగబోయాను. తిరగలేకపోయాను. పాదాలు కదల్లేదు. రెండు కాళ్ళూ రాళ్ళ సందులో బిగుసుకుని ఉన్నాయి. అప్పటిదాకా నేను కాళ్ళతో తిరుగుతున్నాననుకున్నాను. కాదు. పాదాలు పాతేసినట్టు నిలబడి ఉన్నాయి, తిరుగుతున్నదంతా నడుమే. ఒంగిన నడుము, చేతిలో బరువుతో, గిరగిరా తిరగలిలా, రోజంతా, ఏళ్ళ తరబడి.

రాయి చేతిలో పట్టుకునే గట్టిగా నవ్వాను. ఎండదెబ్బ తగిలిందనుకుని దావీదు మజ్జిగ తెప్పించాడు.

మజ్జిగ తాగుతూ ఇంకొకటి అడిగాను. "మేస్త్రీ, మీ పిల్లలు గుంటలో గొంతుక్కూర్చుని లేపుతారే, ఎవరు నేర్పారు?"

"నేనే. తప్పు చేస్తే వీపు పగలగొట్టి నేర్పా."

"మరి అల్లుడికి?"

దావీదు చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అల్లుడికి ఇట్టా చెయ్యి అట్టా చెయ్యి అని చెప్పేది ఎట్టాగండీ! అల్లుడు గారూ అని పిలిచే నోటితో తప్పు పట్టేదా?"

కొడుకులకు బరువు ఎక్కువ, తిట్లు ఎక్కువ, నడుం దివ్యంగా ఉంది. అల్లుళ్ళకు బరువు తక్కువ, తిట్లు అసలే లేవు, నడుం మాయమైపోయింది. నాపలగూడెంలో కుర్రాళ్ళ వెన్ను అరగ్గొట్టింది నీళ్ళు కాదు, సోమరితనం కాదు. మర్యాద.

ముంజెతో సాక్ష్యం

ఆదివారం చర్చి ముందు తాటాకు పందిట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. యోహానును మంచంతో సహా మోసుకొచ్చారు. రూతమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడింది, వదిలితే మంచం తానే నకరికల్లు వెళ్ళిపోతుందన్నట్టు.

నేను ముంజెలు తెప్పించాను. ఒకటి తీసి ఎత్తి చూపించాను. "మన పూసల మధ్య ఉండే బిళ్ళ ఇలాగే ఉంటుంది. పైన తోలు, లోపల జిగురు. నిటారుగా నొక్కితే ఎంత బరువైనా ఆగుతుంది. ఇదిగో, ఒకపక్కకే వంచి, మెలిపెట్టి నొక్కితే చూడండి."

నొక్కాను. ముంజె పగిలి, అందులో నీళ్ళు పిచికారీ కొట్టినట్టు ఎగిరి, పెద్దమనిషి గారి ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. ఎగిరిన దూరం నేను చెప్పినా మీరు నమ్మరు. సభ గొల్లుమంది.

"ఆ జిగురు వెనకనున్న నరం మీద పడితే కాల్లో నిప్పు పుడుతుంది. యోహానుకు అయింది ఇదే. ముసలితనంలో ఈ బిళ్ళ దానంతటదే ఎండుతుంది. కొందరికి పుట్టుకతోనే తోలు పల్చన, చుట్టలు తాగేవాళ్ళకు ఇంకాస్త త్వరగా చెడుతుంది. కానీ ఇన్ని ఊళ్ళవాళ్ళకు మీ ఊరికొచ్చాకే చెడిందంటే కారణం ఆ బండి."

పేతురు లేచాడు. "ముంజెకాయ సంగతి నాకు తెలవదు. బండి మీద నిలబడితే నడుం పోద్దా? ఈ ఆదివారం నుంచి వచ్చే ఆదివారం దాకా బావ చోటులో నేను నిలబడతా. నా నడుం పోతే ఆయనది రోగం. నేను నిలబడితే ఆయన బస్సెక్కాల."

"నిలబడితే నా మెళ్ళో స్టెతస్కోపు తీసి నీ మెళ్ళో వేస్తా" అన్నాను నేను.

పెద్దమనుషులు సరేనన్నారు. సభ అయిపోయింది. రూతమ్మ నా దగ్గరకు వచ్చి మెల్లగా, "మా అన్న దున్నపోతయ్యా. వారంలో వాడికేం కాదు" అంది.

అప్పుడు నాకు చెమట్లు పోశాయి. నిజమే. బిళ్ళ అరగడానికి ఏళ్ళు పడుతుంది. వారంలో ఒక దున్నపోతుకు ఏమవుతుంది? ముంజె నీళ్ళు ఎగిరిన ఊపులో ఒక మనిషి కాపురాన్ని పందెంలో పెట్టేశాను. కుర్ర డాక్టర్లూ, చప్పట్లు వినిపిస్తున్నప్పుడు నోరు మూసుకోండి. ఈ ఒక్క సలహా కోసం నాకు పూలదండ వేయవచ్చు.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. నులక మంచం తీయించి యోహానును చెక్క బల్ల మీద పడుకోబెట్టించాను. రోజూ వెళ్ళి వాడి కాలు ఎత్తి చూడటం, ఆ పైన గనికి వెళ్ళి పేతురును చూడటం. వాడు బండి మీద పాటలు పాడుతున్నాడు. "డాకటరు గారూ, ఆ గొట్టం చెవుల్లో ఎట్టా పెట్టుకోవాల్నో రేపు నేర్పండి!" అని కేకేసేవాడు. బుధవారం పాడాడు, గురువారం ఇంకా గట్టిగా పాడాడు. శనివారం సాయంత్రం ఆఖరి బండి నింపి, పైనుంచి కిందికి దూకి, నా ముందు మీసం తిప్పాడు. నేను ఇంటికి వచ్చి స్టెతస్కోపు తుడిచి పెట్టుకున్నాను.

వంగినవాడు లేవలేదు

ఆదివారం చర్చి నిండిపోయింది. రోగులు, పందెం చూడవచ్చిన పక్క ఊళ్ళవాళ్ళు, హిందువులు, కిటికీల్లో కూడా జనమే. పేతురు తెల్లచొక్కాతో, నూనె కారే తలతో పెళ్ళికొడుకులా వచ్చాడు. మొదటి వరుసలో కూర్చున్నాడు. ప్రార్థనకు అందరం వంగాం. ప్రార్థన అయింది. అందరం లేచాం. పాట మొదలైంది.

పేతురు లేవలేదు.

పాట అయిపోయింది. పేతురు ఇంకా వంగే ఉన్నాడు. వాడి భక్తికి పాస్టరు గారు చలించిపోయారు. ఎప్పుడూ చర్చిలో నిద్రపోయే మనిషి ఇంతసేపు తల వంచడం చూసి, వేదిక దిగి వచ్చి, తల మీద చెయ్యి పెట్టి, "నాయనా, నీ పాపాలు క్షమించబడతాయి, లే" అన్నారు.

"పాపాలు కాదయ్యా," పేతురు నేల వైపే చూస్తూ మూలిగాడు, "నడుం! నడుం పట్టేసింది! ఎవడన్నా లేపండి, చచ్చిపోతన్నా!"

అంత పెద్ద నవ్వు ఆ చర్చి అంతకుముందు వినలేదు. నడికుడి స్టేషనులో గార్డు ఆ చప్పుడికి పచ్చజెండా ఊపేశాడంటారు. శాంతమ్మ మాత్రం నవ్వలేదు. వంగిపోయిన కొడుకును చూసింది, బయట పందిట్లో బల్ల మీద పడుకున్న అల్లుణ్ణి చూసింది. మళ్ళీ కొడుకును చూసింది. లేచి బయటకు వెళ్ళి, జీవితంలో మొదటిసారి అల్లుడికి ఎదురుగా నిలబడి, "అబ్బాయ్, చానా నొప్పిగా ఉందా?" అంది.

యోహాను తల తిప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని కాబోలు. రూతమ్మ చూసింది. నేనూ చూశాను.

నిజం దాచను. పేతురుకు డిస్కు చెడలేదు. అలవాటు లేని కండరం మెలి తిరిగి పట్టేసింది, మూడు రోజుల్లో కోలుకున్నాడు. అది శాస్త్రానికి సాక్ష్యం కాదు. కానీ పెద్దమనుషులు శాస్త్రం అడగలేదు, నడుం అడిగారు. బస్సు మాట ఇంకెవరూ ఎత్తలేదు. పోయినేడు పంపించేసిన అల్లుణ్ణి పిలుచుకురావడానికి ఆ సాయంత్రమే బండి కట్టారు.

ఒక్క తిట్టు

మందు కన్నా మార్పు కష్టం. బండి వెనకభాగంలో రెండు పాదాలు స్వేచ్ఛగా కదిలేంత జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంచాలన్నాను. మోకాళ్ళు వంచి అందుకోవాలి, నడుముతో కాక కాళ్ళతో తిరగాలి, పైన పని అందరూ వంతులవారీగా చెయ్యాలి అన్నాను. అన్నింటికీ తలలూపారు. దావీదు ఒక్కటే అడిగాడు. "అల్లుళ్ళు మర్చిపోయి పాత తీరునే తిరిగితే?"

"నువ్వు చెప్పు."

"నోరు రాదు డాకటరు గారూ."

యోహాను వానలు పడేసరికి నిలబడ్డాడు, జొన్న కోతలకు నడిచాడు. కాలు ఎత్తితే ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. నేను చెప్పిన కసరత్తులు వాకిట్లో చేస్తుంటే పిల్లలు గుమిగూడి చూసేవాళ్ళు. చలికాలంలో ఒక రోజు పనిలోకి వస్తున్నాడని రూతమ్మ కబురు పెట్టింది. ఇన్‌స్పెక్షను ఉంది, అయినా సైకిలెక్కాను.

యోహాను బండెక్కాడు. బావకు రాయి అందించేది పేతురే. మొదటి రాయి బాగా పెట్టాడు, రెండోదీ బాగానే పెట్టాడు. మనిషి హుషారెక్కాడు, చేతులు వేగం అందుకున్నాయి, పాత అలవాటు తిరిగి వచ్చింది. పెద్ద రాయి అందుకుని, పాదాలు అలాగే ఉంచి, నడుము తిప్పబోయాడు.

నేను నోరు తెరవబోయాను. నాకన్నా ముందే గుంట గట్టు మీద నుంచి ఉరిమింది.

"ఒరేయ్ యోహానూ! నడుం తిప్పమాకరా! కాళ్ళు తిప్పు! ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు, బుద్ధి ఉందా?"

గని ఆగిపోయింది. గునపాలు గాల్లో నిలిచిపోయాయి. ఎడ్లు కూడా నెమరు ఆపాయంటే ఈసారి నేను పెంచి చెప్పడం లేదు. దావీదు తన నోటిని తనే నమ్మలేక చేత్తో మూసుకున్నాడు. అన్నం కుండతో వస్తున్న శాంతమ్మ దారిలోనే నిలబడిపోయింది. ఆ ఊరు పుట్టాక అల్లుణ్ణి ఎవరూ ఒరేయ్ అనలేదు.

యోహాను రాయి పట్టుకునే మామ వైపు చూశాడు. ముఖం మెల్లగా విప్పారింది. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి అతను అతిథి. కొడుకులను తిట్టినట్టు తనను ఎవరూ తిట్టలేదు.

"అట్టాగే మావా!" అన్నాడు. మోకాళ్ళు వంచాడు, పాదాలు ఎత్తి తిప్పాడు, రాయిని మంచంలో పసిపిల్లను పడుకోబెట్టినంత మెత్తగా నిలబెట్టాడు.

అంతే, గట్టు తెగింది. పక్క చెట్టు కింద ఇంకో మామ, "ఏందిరా ఆ వంగడం, చచ్చినోడా!" అన్నాడు. అటు చెట్టు కింద మరొకడు అందుకున్నాడు. ఏళ్ళ తరబడి మర్యాద కింద మగ్గిపోయిన తిట్లన్నీ ఒక్కసారిగా బయటపడి గుంటల్లో మారుమోగాయి. బళ్ళ మీద అల్లుళ్ళు తిట్లు తింటూ నవ్వుతున్నారు, నవ్వుతూ కాళ్ళు తిప్పుతున్నారు.

ఉద్యోగమంతా ఆ గొట్టం చెవుల్లో పెట్టుకుని ఎన్నో గుండెలు విన్నాను. అంత ఆరోగ్యమైన చప్పుడు మాత్రం ఇంకెప్పుడూ వినలేదు.